మరిచి తాగిన ఛాయ్

నిన్న మధ్యాహ్నం మా బోరు మోటారు కాలింది. మాడిన వార్నిష్ వాసన వంటింట్లోకి వచ్చేసరికి ఇంట్లో వాళ్లంతా మెకానిక్ నంబరు వెతికారు. నాకు మాత్రం సలీం చాచా గుర్తొచ్చారు. హుజూరాబాద్‌లో ఆయనది మోటార్ వైండింగ్ దుకాణం. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం దొరికేదాకా అనుకుని అక్కడ బిల్లులు రాయడానికి చేరాను. నాలుగేళ్లు దొరకలేదు.

రాగితీగ చుట్లు లెక్కపెట్టేటప్పుడు చాచాకు లోకం తెలిసేది కాదు. లెక్క తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది, రైతు మళ్లీ వస్తాడు, ఈసారి తిట్టడానికి. నేను చేరిన ఏడాది, రంజాన్ మొదటి రోజే అలవాటు కొద్దీ పదకొండింటికి ఆయన పక్కన ఛాయ్ పెట్టాను. ఆయనా అలవాటు కొద్దీ సగం తాగారు.

"చాచా, ఒక్కపొద్దు!" అని అరిచాను.

ఆయన గ్లాసు దింపి, నోరు పుక్కిలించి వచ్చారు. "పరేషాన్ గాకు బిడ్డా. యాది మరిచి తాగితే రోజా పోదు. అల్లానే తాపిండనుకోవాలె."

ఇంత దయగల నియమం మా యూనివర్సిటీలో కూడా చూడలేదు.

వారం తర్వాత, దుకాణం వెనక ఇంట్లోంచి చాచీ వచ్చి గుమ్మంలో నిలబడింది. "షుగర్ ఉన్నది, ఉపాసం వద్దని డాక్టర్ చెప్పిండు. నా మాట ఇంటలేరు. పొద్దున గోడ పట్టుకొని లేచిండ్రు. నువ్వన్న చెప్పు లావణ్యా."

చెప్పలేదు. చదువుకున్నదాన్ని కదా, ఉపాయం చేశాను. మర్నాటి నుంచి చుట్లు వంద దాటాక, ఛాయ్, రెండు బిస్కెట్లు ఆయన చేతికి అందేటట్టు పెట్టాను. మూడు రోజులు నడిచింది. గుర్తొచ్చి ఆయన నోరు కడుక్కునేవారు, "అయ్యో, మరిచిన చాచా" అని నేననేదాన్ని.

నాలుగో రోజు ఆయన చెయ్యి గ్లాసు దాకా వచ్చి ఆగింది. "రెండు వందల పది" అన్నారు, లెక్క పోకుండా. తర్వాత నా వైపు చూశారు. "నేను మరుస్తున్న, సరే. నువ్వు గూడ రోజూ మరుస్తున్నవా?"

"చాచీ బుగులు పడుతున్నది" అన్నాను.

"నాకెర్క. బీమారున్నోళ్లకు మాఫీ ఉన్నది. బదులు రోజుకొక పేదోనికి అన్నం పెట్టాలె. మౌల్వీసాబ్ గూడ గదే చెప్పిండు."

"మరి ఇంకేంది చాచా?"

"పొద్దుమూకంగ మజీదుల అందరు ఖజూర్ పండు నోట్లె పెట్టుకొని ఒక్కపొద్దు ఇడుస్తరు. కడుపు నిండినోన్ని, వాళ్ల నడుమ ఏం మొఖంతోని కూసోవాలె?"

మర్నాడు మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి, చాచీ పంపిన టిఫిన్ విప్పి, వీధికి వీపు పెట్టి కూర్చున్నారు. నాకూ ఒక పళ్లెం పెట్టారు.

"నేను పేదదాన్ని గాదు చాచా."

"నేనిచ్చే జీతం నాకెర్క. తిను."

నవ్వాను. చూస్తే ఆయన ముద్ద ఇంకా చేతిలోనే ఉంది. ఆ నెలంతా ఐదు పూటల నమాజు ఒక్కటీ తప్పలేదు. సాయంత్రం మాత్రం మజీదుకు అందరూ తినడం అయ్యాక వెళ్లేవారు.

ఆయనకు మేలు చేశానో, ఆయన దగ్గర ఏదైనా లాక్కున్నానో ఇప్పటికీ తేలలేదు. ఆ మూడు రోజులు నిజంగా మరిచారా, నా మొహం చూసి మరిచినట్టు చేశారా, అదీ తెలియదు. అడుగుదామనుకుంటుండగానే చాచా పోయారు. ఒకటి మాత్రం నాతో ఉండిపోయింది. ఎవరికైనా మేలు చేయబుద్ధయితే ముందు వాళ్లకే చెబుతాను. బీపీ ఉన్న మా అత్తకు కూరలో ఉప్పు తగ్గించినా చెప్పే తగ్గిస్తాను. ఆమె కూడా నాకు చెప్పే పైన ఉప్పు వేసుకుంటుంది.