వైరస్ ఉన్న కిడ్నీకి సరే అన్నాను

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మూత్రంలో నురగ పడుతోందని నాకు చాలా ముందే తెలుసు. సబ్బు నురగలా వచ్చేది, నీళ్ళు పోసినా పోయేది కాదు. అలాంటి సంగతి అమ్మతోనైనా ఎలా చెప్పాలో తెలియలేదు. డైరీలో కూడా రాయలేదు. ఒక ఉదయం కాలేజీకి బయలుదేరుతుంటే పాదాలు చెప్పుల్లో పట్టలేదు. అది అమ్మ చూసింది.

పటమటలో మా ఇంటి దగ్గరి ల్యాబ్‌లో రక్తం ఇచ్చాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంత ఎక్కువ రావడం నమ్మలేక రెండోసారి చేశారు. స్కాన్ చూసిన కిడ్నీ డాక్టర్ మేడమ్, "రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయమ్మా. ఇన్నాళ్ళూ ఏమీ తెలియలేదా?" అన్నారు. తల దించుకున్నాను.

డయాలసిస్ మొదలైంది. అమ్మకు షుగరు, నాన్నకు గుండె జబ్బు. ఇద్దరి కిడ్నీలూ నాకు పనికిరావన్నారు. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే కిడ్నీల కోసం జాబితాలో పేరు రాయించాం. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా రెండుసార్లు మూసుకుపోయింది. మెడలో క్యాథెటర్ గొట్టం వేస్తే ఇన్‌ఫెక్షన్ పట్టి, మెషిన్ మీదే వణికిపోయేదాన్ని. "లైన్ వేయడానికి ఇక చోట్లు తగ్గిపోతున్నాయి" అన్నారు మేడమ్.

మా డయాలసిస్ యూనిట్‌లో, లివర్‌కు పట్టే హెపటైటిస్ సి వైరస్ ఉన్నవాళ్ళకు అద్దాల తలుపు వెనక వేరే మెషిన్. అక్కడ విమలక్క ఉండేది, కొండపల్లిలో బొమ్మలకు రంగులు వేస్తుంది. నేను దుప్పటి చాటున పుస్తకం చదువుకుంటుంటే, "ఏమే, నీలో నువ్వే నవ్వుకుంటే ఎట్టా? పైకి చదువు, మేమూ నవ్వుతాం" అని తలుపు సందులోంచి అరిచేది.

ఒక మధ్యాహ్నం మేడమ్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టమన్నారు.

"కిడ్నీ వచ్చింది, మంచి కిడ్నీ. కానీ చనిపోయినాయనకి హెపటైటిస్ సి ఉంది. ఆ వైరస్ ఉన్న పేషెంట్లలో ఈ బ్లడ్ గ్రూప్ వాళ్ళు లేరు, అందుకే నిన్ను అడుగుతున్నాను. వైరస్ నీకు వస్తుంది. తర్వాత మూడు నెలలు మాత్రలు. దాదాపు అందరికీ తగ్గుతుంది. దాదాపు అన్నాను, విన్నావా? గంటలో చెప్పాలి."

"లేని రోగాన్ని ఒంట్లోకి ఎక్కించుకోమంటారేంటండీ?" అంది అమ్మ.

"ఉన్న రోగం ఎక్కువ రోజులు ఆగదమ్మా" అన్నారు మేడమ్.

"నీ ఇష్టం తల్లీ" అని నాన్న బయటికి వెళ్ళిపోయారు. విమలక్కకు ఫోన్ చేశాను.

"నేనూ ఆ మాత్రలే మింగుతున్నా గదా. నీరసం వస్తది, అంతే. అయినా నన్నడిగి ఒప్పుకోకే, రేపు నన్నే తిడతావు" అంది.

మేడమ్‌కు నేనే ఫోన్ చేసి సరే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆపరేషన్ బల్ల మీదే కొత్త కిడ్నీ పనిచేయడం మొదలుపెట్టిందట. కొద్ది రోజులకు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనిపించింది. మాత్రలు మొదలయ్యాయి. లివర్ ఎంజైములు పెరిగాయి. అమ్మ రోజూ పొద్దున్నే నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, కళ్ళు పచ్చబడ్డాయేమోనని చూసేది. మెల్లగా ఎంజైములు దిగాయి. కోర్సు అయ్యాక వైరస్ "నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది. ఇంకో మూడు నెలలు ఆగితేగాని పోయిందనలేనన్నారు మేడమ్. ఆగాం. అప్పటి రిపోర్టులోనూ అదే మాట.

కొన్నాళ్ళకు పన్ను పీకించుకోవడానికి వెళితే, అక్కడి టెక్నీషియన్ చుక్క రక్తంతో చేసే కార్డు టెస్టు చూసి అందరి ముందూ, "హెపటైటిస్ సి పాజిటివ్ అండీ" అన్నాడు. మేడమ్‌కు ఫోన్ చేశాను.

"ఏ టెస్టు? యాంటీబాడీయా? అది ఒంట్లోకి ఒకసారి వైరస్ వచ్చిన గుర్తు, వైరస్ పోయినా పాజిటివ్‌గానే ఉంటుంది. వైరల్ లోడ్ చేయించు."

రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. వైరస్ లేదు.

ఇప్పుడు మాస్కు పెట్టుకుని బస్సులో హనుమాన్ జంక్షన్ వెళ్ళి, ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటున్నాను. నాలా ఇలాంటి కిడ్నీ తీసుకున్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఎవరైనా పాజిటివ్ అంటే బెంబేలు పడే ముందు ఏ టెస్టో అడగండి. చివరి వైరల్ లోడ్ రిపోర్టు బ్యాగులోనే ఉంచుకోండి.

పోయినవారం విమలక్కను చూసొచ్చాను. ఆమెకూ వైరస్ పోయింది. డయాలసిస్ మాత్రం ఆగలేదు, జాబితాలో పేరుంది. ఏదో ధైర్యం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ వద్దులే. కుట్లు ఎంత నొప్పెడతయ్యో అదొక్కటి నిజం చెప్పు. ఈసారి ఫోను నాకే వస్తది."