మెడ మీద మేక

గాజువాకలోని మా చర్చిలో వేదిక వెనక గోడ ఖాళీగా ఉండేది. దాని మీద యేసును మంచి కాపరిగా చూపే బొమ్మ వేయించాలని సంఘం అనుకున్నప్పుడు ఆ పని మా బావమరిదికి వచ్చింది. అంతవరకూ అతను షాపు బోర్డులూ లారీ నంబర్లూ రాసినవాడు. ఒక గోడ మొత్తం చేతికి రావడం అదే మొదలు.

బొమ్మను నేను ఎంచాను. రోమ్ నగరం కింద సొరంగాల్లో తొలినాటి క్రైస్తవులు తమవాళ్లను సమాధి చేసిన చోట, పైకప్పు మీద గీసుకున్న కాపరి అది. గడ్డం లేని కుర్రవాడు. మోకాళ్ల దాకా అంగీ, మెడ చుట్టూ ఒక జీవం. ఒక పుస్తకంలో చూసి కలర్ జెరాక్స్ తీయించాను. నేను పదో తరగతితో బడి మానేసి, ఫ్యాబ్రికేషన్ షెడ్డులో లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. కాగితం మీద బొమ్మ తొమ్మిది అంగుళాలు, గోడ మీద తొమ్మిది అడుగులు. అంగుళానికి అడుగు చొప్పున గళ్లు గీసిచ్చాను. ఏ గడిలో ఏ గీత ఉంటే గోడ మీద అదే రావాలి.

మెడ దగ్గరి గడికి వచ్చేసరికి అతను బ్రష్ ఆపాడు.

"బావా, ఇది గొర్రె కాదు. కొమ్ములు సూడు, గెడ్డం సూడు. మేక."

"కాయితంలో ఏటుంటే అదే వెయ్యి."

"రేపు నన్ను తంతారు."

"నన్నూ తంతారు. సెరి సగం."

ఆదివారం ప్రతిష్ఠ అనగా శనివారం మధ్యాహ్నం సంఘ పెద్ద చూడడానికి వచ్చాడు. కాపరికి గడ్డం లేకపోయినా సర్దుకున్నాడు. మేక దగ్గర ఆగిపోయాడు.

"తీర్పు రోజున ప్రభువు మందని ఇడదీసి గొర్రెల్ని కుడిపక్క, మేకల్ని ఎడంపక్క నిలబెడతాడు. బైబిల్లో అలాగుంది. నువ్వేటి, ఏకంగా మెడకెక్కించీసినావు?"

"పుస్తకంలో అలాగే ఉంది, పెద్దయ్యా," అన్నాడు బావమరిది.

"ఆ పుస్తకం రేపు ప్రసంగం సెప్తాదా? సాయంత్రంలోగా సున్నం కొట్టీండి."

బావమరిది బ్రష్‌లు కడగడం మొదలుపెట్టాడు. ఆ పాతకాలపువాళ్లు మేకను ఎందుకు మోయించారో నాకు తెలియదు. తెలిసినట్టు వాదించలేను. కానీ పెద్దాయనది ఎలమంచిలి దగ్గర పల్లె, చిన్నప్పుడు మంద కాసిన మనిషి. అందుకని ఆయన మంద గురించే అడిగాను.

"పెద్దయ్యా, మీ మందలో మేకలుండేవా?"

"ఎందుకుండవు? మేక ముందు నడిస్తేనే గొర్రెలు కదిలేవి."

"పగలంతా కలిపే మేపేవోరా?"

"కలిపే. పొద్దుగూకి దొడ్డికొచ్చేకే ఇడదీసేవోలం."

"దారిలో మేక కుంటితే?"

"మెడకేసుకోనా? నాను అక్కడే వొగ్గీస్తానా ఏటి?"

అనేసి, గోడ వైపు తిరిగాడు. కాపరి వెనక బావమరిది వేసిన ఆకాశం పట్టపగటి నీలం. పెద్దాయన దాన్నీ, మేకనీ చాలాసేపు చూశాడు.

"ఇంకా పొద్దుంది," అన్నాడు. "ఇడదీసే వేళ కాలేదు. సున్నం వొద్దు, అలాగే వొగ్గీండి."

బావమరిది నన్ను పట్టుకుని ఊపేశాడు. నా చొక్కా నిండా నీలం రంగు అంటింది.

ఆదివారం పెద్దాయన పాస్టరుగారి కంటే ముందే లేచి, మేక సంగతి తనే కనిపెట్టినట్టు సంఘమంతటికీ చెప్పాడు. చెప్పుకోనిచ్చాం. తర్వాత బావమరిదిని పిలిచి వేదిక మీద నిలబెట్టాడు. చప్పట్లు ఆగలేదు. భార్యల్ని బండి మీద దింపి ఎప్పుడూ గేటు దగ్గరే ఉండిపోయే మగవాళ్లు ఆ చప్పుడుకి చెప్పులు విడిచి లోపలికొచ్చారు. మేకను చూసి పోతామన్నారు. పెద్దాయన ముందు వరసలో జరిగి, వాళ్లకు చోటిచ్చాడు.