దసరా వారానికి ఒక గది: రాచర్ల అడవి అంచున పాయింట్ల బేరం

దసరా సెలవులంటే నాకు భయం. మార్కాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతాను. సెలవులివ్వగానే పిల్లలు వెళ్ళిపోతారు, స్టాఫ్ రూముకు తాళం పడుతుంది, తోటి లెక్చరర్లు పిల్లాజెల్లాతో ఊళ్ళకు పోతారు. పెళ్ళి వద్దనుకున్నది నేనే. దానికి ఈ యాభై రెండేళ్ళ వయసులో కూడా పశ్చాత్తాపం లేదు. అయినా ఆ పది రోజులూ పాలు పోసే మనిషితో రెండు ముక్కలు, కూరగాయల బండి దగ్గర నాలుగు ముక్కలు తప్ప నా గొంతుకు పని ఉండదు. మొన్న ఊళ్ళో పెట్టిన ఎగ్జిబిషన్‌లో ఒక హాలిడే క్లబ్ స్టాల్ దగ్గర నా కాళ్ళు ఆగిపోవడానికి అసలు కారణం ఇదే. మిగతా కారణాలన్నీ తర్వాత కల్పించుకున్నవి.

వాళ్ళు చెప్పిన బేరం ఇది. ఒకసారి మూడున్నర లక్షలు కట్టి సభ్యులైతే పాతికేళ్ళపాటు ఏటా మన ఖాతాలో కొన్ని పాయింట్లు వేస్తారు. వాటితో వాళ్ళ రిసార్టుల్లో ఎక్కడైనా గది తీసుకోవచ్చు. రద్దీ రోజులకు ఎక్కువ పాయింట్లు పోతాయి, మామూలు రోజులకు తక్కువ. అంటే మనం కొనేది గదిని కాదు, గదిలో ఉండే రోజుల్ని. రాచర్ల దాటాక నల్లమల అంచున వాళ్ళదొక రిసార్టు ఉందనీ, ఒక రాత్రి ఉచితంగా ఉండి చూడవచ్చనీ, సాయంత్రం ఒక మీటింగుకు కూర్చుంటే చాలనీ అన్నారు. మూడున్నర లక్షలంటే నా పొదుపులో సగం. ముసలితనానికి దాచుకున్నది. తీసుకోవాలా వద్దా తేల్చుకుందామని ఒక ఆదివారం బయలుదేరాను. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం ఏడు గంటలకు మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సెక్కాను. దారిలో కంభం తగులుతుంది, రెండు గంటలు పట్టింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు. మగవాళ్ళు వంద రూపాయల దాకా చేతిలో ఉంచుకోండి. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆడవాళ్ళకు ఫ్రీ పెట్టినాక మగవాడికి కూర్చునే దిక్కు లేకుండా పోయిందని మొదలుపెట్టాడు. ఆయన కూర్చునే ఉన్నాడు. ఇక నేనూ ఊరుకోలేదు. కూలికి పోయే ఆడమనిషికి బస్సు చార్జీ మిగిలితే ఆ రోజు ఇంట్లో ఏం మారుతుందో కంభం దాకా చెప్పాను. కంభంలో ఆయన దిగిపోయాడు. పక్క సీటు ఖాళీ. మిగిలిన దారంతా ఆయనకు చెప్పవలసిన మంచి జవాబులు ఒక్కొక్కటే గుర్తొస్తూ ఉన్నాయి.

గిద్దలూరు బస్టాండు ఎదుట కారం దోసె నలభై రూపాయలు. బాగుంది. పెనం దగ్గరున్నామె తల ఎత్తకుండానే ఒక్కరేనా అని అడిగింది. రోడ్డు మీద ఆటో మాట్లాడుకుంటే దాని డ్రైవరూ అదే అడిగాడు. పేరు దానియేలు, నలభై ఏళ్ళుంటాయి, రాచర్ల వైపు పల్లె. రిసార్టు దాకా మూడు వందలకు ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. దారిలో వాళ్ళ ఊరి మందిరంలో, అంటే చర్చిలో, ఆరాధన జరుగుతోంది, అది అయ్యేదాకా ఆగాలి. రిసార్టులో గది ఇచ్చేది పన్నెండు తర్వాతే. నాకు దేవుడు లేడు గానీ తొందర కూడా లేదు. సరే అన్నాను.

మేము వెళ్ళేసరికి చివరి పాట పాడుతున్నారు. రేకుల కప్పు, సిమెంటు గచ్చు మీద పట్టాలు, ఓ పక్క ఆడవాళ్ళు, ఓ పక్క మగవాళ్ళు. ఈ విభజన మీద నాకున్న అభిప్రాయం ప్రస్తుతానికి దాచుకుంటాను. ప్రార్థన కాగానే ముందున్న బల్ల మీద జనం తెచ్చిన తొలి పంట పెట్టారు. ఒక గుమ్మడికాయ, కోడిగుడ్లు, కాళ్ళు కట్టిన కోడి, సజ్జలు. వాటిని అక్కడికక్కడే వేలం వేసి, వచ్చిన డబ్బు మందిరానికి జమ చేస్తారు. సంఘం పెద్ద గుమ్మడికాయను పైకెత్తి యాభైతో పాట మొదలుపెట్టాడు. లావుపాటి ముసలాయన ఒకడు పెంచుకుంటూ పోయాడు. నవ్వులు, ఎకసెక్కాలు. దానియేలు చెప్పినట్టున్నాడు, సంఘం పెద్ద నా వైపు తిరిగి, మార్కాపురంలో గుమ్మడికాయలు తినరా ఏంది మేడమ్మా అన్నాడు. నేను నవ్వి ఊరుకునేదాన్నే, ముసలాయన నోరు విప్పకపోయుంటే.

"ఆడోళ్ళు గుమ్మడికాయ కోసేది జూసినాం గానీ, పాడేది యాడ జూసినాంలే."

రెండు వందలు అన్నాను. ఆయన రెండు వందల యాభై అన్నాడు. నా పక్కనున్న ఆడమనిషి నా మోచేతిని పొడిచి, "పాడక్కా, మామ జేబులో ఇంక మూడొందలే ఉండాయి" అంది. మూడు వందల యాభైకి కాయ నాదైంది. ఆడవాళ్ళ వైపు చప్పట్లు పడ్డాయి. వెళ్ళి, రెండు చేతులా ఎత్తుకుని, తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సంఘం పెద్ద గొంతు సవరించుకుని కోడిగుడ్లు ఎత్తాడు.

ఆ క్షణం నాకు అర్థమైంది ఆటో మళ్ళీ రోడ్డెక్కాకే. ఆ తర్వాత గుడ్లు పాడిన మనిషి వాటిని తీసుకోకుండా "మళ్ళీ దేవునికే" అని బల్ల మీదే వదిలేశాడు, వాటికి ఇంకోసారి పాట నడిచింది. అది అతని భక్తి అనుకున్నాను. దానియేలును అడిగితే చాలాసేపు నవ్వు ఆపుకుని చెప్పాడు.

"మాలో పద్ధతే అదక్కా. పాడినోళ్ళు ఇంటికి తీసకపోరు. మళ్ళీ బల్ల మీద పెడతారు, మళ్ళా పాట. ఒక్క కాయ మూడు నాలుగుసార్లు పోతాది. ఆఖరికి ఎవరింట్లోనో ఒండి అందరం తింటాం."

"మరి నాకెవరూ చెప్పలేదేం తమ్ముడూ?"

"ఎట్ల చెప్తాం? మీరు చంటిబిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకుంటిరి."

ఆటో వెనక్కి తిప్పమన్నాను. అందరూ ఇళ్ళకు పోయుంటారని, తలుపులు వేసుంటారని అన్నాడు. వాళ్ళంతా కలిసి ఆడుకునే ఆటలో నేను బేరం చేసి సరుకు పట్టుకొచ్చాను. ఇరవై ఏడేళ్ళుగా ఆర్థికశాస్త్రం చెప్పే మనిషిని.

రిసార్టు అందంగానే ఉంది, ఆ మాట దాచను. వెనక కొండలు, ముందు పచ్చిక, మధ్యలో నీలంగా ఈతకొలను. ఆ కొలను చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదే చుట్టుపక్కల, కొమరోలు వైపు, బోర్లు ఎండిపోయి, తాము పెంచిన బత్తాయి చెట్లను రైతులే నరుక్కున్నారు. ఊళ్ళలో తాగే నీళ్ళు క్యాన్లలో కొంటారు. ఇక్కడ నీళ్ళలో బంతి ఆట. రిసెప్షన్‌లోని అమ్మాయి ఇద్దరికి సరిపడా షరబత్తు తెచ్చింది. ఒక గ్లాసు తాగి రెండోది చూస్తూ కూర్చోవడం ఎందుకని రెండూ తాగేశాను. గదిలో డబుల్ కాట్. దాని మీద తెల్ల తువ్వాళ్ళతో రెండు హంసల్ని చేసి, మెడలు కలిపి పెట్టారు. వాటిని విప్పి మడతపెట్టి, గుమ్మడికాయను రెండో దిండు పక్కన ఉంచాను. మరెక్కడ పెట్టాలో తోచలేదు.

మీటింగు నాలుగు గంటలకు. హాల్లో ఒక్కో జంటకు ఒక్కో బల్ల, ఒక్కో అమ్మకందారు. నా బల్ల దగ్గరికి కిరణ్ అనే టై కట్టిన యువకుడు వచ్చాడు. సార్ దారిలో ఉన్నారా అన్నాడు. ఏ సారూ లేడన్నాను. అతను ఇబ్బంది పడ్డాడు. వాళ్ళ నిబంధన ప్రకారం భార్యాభర్తలిద్దరూ వస్తేనే బేరం చెబుతారట, సభ్యత్వం కుటుంబాలకే అట. ఇక చూడండి. సభ్యత్వం అమ్మేది మనుషులకా పెళ్ళి ఫోటోలకా అని అడిగాను. ఈ దేశంలో ఒంటరి ఆడదానికి ఇల్లు అద్దెకివ్వరు, ఇప్పుడు సెలవు కూడా ఇవ్వరా అన్నాను. మొగుడు పోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు, అసలు వద్దనుకున్నవాళ్ళు కొండలు చూడకూడదని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాను. పక్క బల్లల వాళ్ళు మా వైపు తిరిగారు. మేనేజరు వచ్చాడు. ఆయనతోనూ మొదటి నుంచి వాదించాను. ఆయన బయటికి వెళ్ళి ఫోన్ చేసుకుని వచ్చి, హెడ్డాఫీసు నా విషయంలో ప్రత్యేకంగా ఒప్పుకుందని హాలంతటికీ వినపడేలా చెప్పి గంట మోగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కిరణ్ నా చేతిలో పెన్ను పెట్టాడు.

ముప్పై ఏళ్ళుగా సభల్లో, సంఘాల్లో వాదిస్తున్నాను. అంత పెద్ద విజయం ఎన్నడూ రాలేదు. గెలుచుకున్నదేమిటయ్యా అంటే మూడున్నర లక్షలు కట్టే హక్కు.

అయినా పెన్ను కింద పెట్టలేదు. ఎందుకంటే కిరణ్ అప్పుడొక మాట అన్నాడు. "మేడం, ఇక మీదట ఏటా దసరాకు ఒక గది మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది." ఆ కుర్రాడికి అది బట్టీ పట్టిన వాక్యమే కావచ్చు. నాకు కాదు. నా కోసం ఏదైనా ఎదురుచూసి ఎన్నేళ్ళయింది? డబ్బు పోతే పోయింది, పాతికేళ్ళు ఆ పది రోజుల బాధ తప్పుతుంది కదా అనుకున్నాను. పేరు సగం రాశాను కూడా.

సగంలో ఆగింది మందిరంలో ఒళ్ళో పెట్టుకున్న ఆ కాయ బరువు గుర్తొచ్చి. ఒక్క కాయను నాలుగుసార్లు అమ్మే పద్ధతిని నేను ఆ పొద్దునే చూశాను.

"ఇక్కడ గదులెన్ని?" అన్నాను.

"ఇరవై నాలుగు మేడం."

"సభ్యులెంతమంది?"

వేలల్లో ఉంటారని గర్వంగా చెప్పాడు. అయితే నీ ఫోన్‌లోనే యాప్ తెరిచి వచ్చే దసరాకు నాకు ఇక్కడ గది చూపించు, చూపించగానే సంతకం పెడతానన్నాను. సభ్యులైతేనే లాగిన్ వస్తుందన్నాడు. నీకుంటుందిగా అన్నాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"దసరావి ఏప్రిల్‌లోనే అయిపోతాయి మేడం. మీరు మామూలు రోజుల్లో రావచ్చు."

మామూలు రోజుల్లో నాకు కాలేజీ ఉంటుంది. మామూలు రోజులు నాకు భయం కాదు. వాడుకోని పాయింట్లు ఒక ఏడాది నిలవుండి ఆ తర్వాత పోతాయట. వాడినా వాడకపోయినా నిర్వహణ రుసుము ఏటా కట్టాలి, అది పెరుగుతూ ఉంటుంది. గదికి నలుగురు వచ్చినా ఒక్కరు వచ్చినా పాయింట్లు అవే. ఇవన్నీ ఒక్కొక్కటే లాగాను. మందిరంలో ఒకే కాయను మళ్ళీ మళ్ళీ అమ్మారంటే కొన్నవాళ్ళు అందరి ముందూ తిరిగిచ్చారు కనుక. ఇక్కడ కొన్నవాడికి తాను ఎన్నోవాడో తెలియదు, తిరిగిచ్చిన సంగతీ తెలియదు. గది ఖాళీ లేదన్నప్పుడల్లా అతను తెలియకుండానే "మళ్ళీ కంపెనీకే" అంటున్నాడన్నమాట. పెన్ను కింద పెట్టాను.

"అయితే వద్దా మేడం?"

"వద్దు."

సరే అని లేచాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. అప్పుడే వచ్చిన ఇంకో జంట బల్ల దగ్గరికి వెళ్ళి, నా దగ్గర నవ్విన నవ్వే నవ్వాడు. రెండు గంటలపాటు నా ప్రతి మాటకూ తల ఊపి, నీళ్ళు తెచ్చిచ్చి, నా ఉద్యోగం, నా మోకాళ్ళ నొప్పి, నాకిష్టమైన కూర అన్నీ అడిగిన మనిషి. ఈ మధ్యకాలంలో నన్ను అంతసేపు విన్నవాళ్ళు లేరు. ఇద్దరు కూర్చునే బల్ల మీద ఒక్కదాన్నే భోంచేసి, చీకటి పడగానే గది తలుపు వేసుకున్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదికి దానియేలు చెప్పినట్టే వచ్చాడు. గుమ్మడికాయ అతనికిచ్చి మందిరంలో పెట్టమన్నాను. వచ్చే ఆదివారం మీరే రండక్కా, మళ్ళీ పాడుదురు, మామ మీ మీద పగ పట్టినాడు అన్నాడు. చూస్తానన్నాను. అతను ఫోన్ నంబరు ఇస్తానంటే అవసరమైతే అడుగుతానన్నాను. గిద్దలూరులో పదింటికి బస్సు దొరికింది, మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. ఆ తర్వాత మూడు ఆదివారాలు గడిచాయి. నేను వెళ్ళలేదు. దేవుడు లేనిదాన్ని అక్కడికి ఏ ముఖంతో వెళ్ళాలన్నది నాలో నేను చేసుకుంటున్న వాదన. అందులో ఇంకా ఎవరూ గెలవలేదు.

ఒంటరితనాన్ని అమ్ముకునే వ్యాపారం ఈ దేశంలో చాలా పెద్దదవుతుందని నా అంచనా. మనుషుల్ని చుట్టాలు, కులాలు, పెళ్ళిళ్ళ లోపల మాత్రమే మనుషులుగా చూసే సమాజం, వాటి బయట నిలబడ్డవాళ్ళకు కూర్చోవడానికి ఒక అరుగు కూడా కట్టలేదు. ఆ ఖాళీ చోటును కంపెనీలు కనిపెట్టాయి. నేను సంతకం పెట్టకపోవడం సరైన పనే, లెక్క వేసి చెప్పగలను. కానీ దసరా సెలవులు మళ్ళీ వస్తాయి, వాటిని ఎక్కడ గడపాలన్నదానికి ఆ లెక్కలో జవాబు లేదు. పొదుపు మిగిలింది, రోజులూ మిగిలాయి.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. వద్దని చెప్పి వచ్చాక కూడా వాళ్ళు ఫోన్లు చేస్తారు. ఇల్లు చేరిన రోజే ఆ నంబరును బ్లాక్ చేయండి. నేను చేయలేదు. కిరణ్ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, తిన్నారా మేడం అని మొదలుపెట్టేవాడు, నేను అతనితో అరగంట వాదించేదాన్ని. పోయిన వారం నుంచి వాళ్ళే మానేశారు.