కొట్టంలో పెట్టిన పొగ

మూడేళ్ల కింద, వానలు మొదలైన నెలకు, ఒక పొద్దున పాలు పిండుతుంటే కనురెప్పలు మండాయి. బర్రె తోక తగిలిందేమో అనుకుని చల్లనీళ్లతో కడుక్కున్నాను. వారం తిరిగేసరికి రెప్పలు వాచాయి. మెడ మీద, మోచేతి మడతల్లో దద్దుర్లు లేచి రసి కారింది.

మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. రెండు బర్రెలు నా చేతి మీద బతుకుతాయి, వాటి పాల మీద మేం బతుకుతాం. ఊళ్లో ఒకామె దిష్టి అంది, ఇంకొకామె వంకాయ మానెయ్యమంది. వంకాయ నాకు ప్రాణం. అయినా నెల రోజులు మానేశాను, దద్దుర్లు మాత్రం నన్ను మానలేదు.

కరీంనగర్‌లో స్కిన్ డాక్టరమ్మ ఆయింట్‌మెంట్, టాబ్లెట్లు రాసిచ్చింది. అక్కడే మా చెల్లె ఇంట్లో పది రోజులున్నాను. ముఖం తేటపడింది. సంబరంగా ఇంటికొస్తే మూడోనాటికి మళ్లీ అదే మంట. అద్దం గోడవైపు తిప్పేశాను.

మా ఆయన అప్పుడే బర్రెల బేరగాణ్ని పిలిచాడు.

"నీ మొకం గిట్ల ఖరాబైతుంటే గీ బర్రెలెందుకే? అమ్మేద్దాం."

ఆయనకు నా మీద ప్రేమే, కాదనను. కానీ నేను పెయ్యల నుంచి పెంచిన బర్రెల వయసు లెక్కకు ఎవడో పళ్లు చూస్తుంటే కడుపు మండింది. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయొచ్చేదాకా ఆగమన్నాను.

ఈసారి డాక్టరమ్మ మందు మార్చలేదు. "చెల్లె ఇంట్ల తగ్గి, నీ ఇంట్ల వస్తున్నదంటే అక్కడ్నే ఏదో ఉన్నది. పొద్దున లేచినకాడికెల్లి ఏమేం జేస్తవో అంతా చెప్పు," అంది.

చెప్పాను. పేడ తీయడం, గడ్డి వేయడం, పాలు పిండడం. సాయంత్రం దోమలకు కొట్టంలో పొగ పెట్టడం. వేప చెట్టు దూరం కాబట్టి, కొట్టం వెనక బీడులో నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ కలుపు మొక్కను పచ్చిగా కోసి నిప్పుల మీద వేస్తాననీ, పొగ బాగా వస్తుందనీ గొప్పగా చెప్పాను. ఆమె రాయడం ఆపింది.

ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద అంటించిన పట్టీలు రెండు రోజులకు తీస్తే, ఒక్కచోట ఎర్రగా పొంగింది.

"పార్థీనియం ఎలర్జీ, అంటే మీ వయ్యారిభామనే. నీకు గిట్టనిదాన్ని నీ చేత్తోనే కోసి, పొగబెట్టి పీలుస్తున్నవమ్మా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మొక్క మన దేశానిదే కాదట, ఎప్పుడో విదేశీ ధాన్యంలో కలిసి వచ్చిందట. బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ బీడులో ఒకప్పుడు బర్రెలు మేసే గడ్డి ఉండేది, బతుకమ్మకు గునుగు పువ్వు దొరికేది. ఇప్పుడు గడ్డి కొంటున్నాం, పువ్వులు కొంటున్నాం. మేత లేక బర్రెలు వయ్యారిభామనే కొరికితే పాలు చేదెక్కి, పాలకేంద్రంవాళ్లు రెండుసార్లు క్యాను తిప్పి పంపారు. నేనేమో ఆ మూగజీవాలను తిట్టాను.

పొగ ఆపేశాను. దోమతెర కట్టాం. కానీ బీడు నిండా పూత ఉంటే, గాలికి వచ్చే పుప్పొడే చాలు నాకు దద్దుర్లు లేవడానికి. అందుకని మా మహిళా సంఘం వాళ్లను అడిగాను. పన్నెండు మంది చేతులకు కవర్లు కట్టుకుని, ముక్కుకు కొంగు చుట్టుకుని పీకారు. గుంట తవ్వి పూడ్చారు. నేను దూరంగా ఉండి చాయ్ కాచాను.

తర్వాతి వానకు అదంతా ఏమీ ఎరగనట్టు మళ్లీ మొలిచింది. నా ముఖమూ వాచింది. ఆ రోజు నిజంగా ఓడిపోయాననుకున్నాను. సంఘం లీడరక్క వచ్చి పక్కన కూర్చుంది.

"అది ఎన్నిసార్లు మొలిస్తే అన్నిసార్లు పీకుదాం. నువ్వు చాయ్ మంచిగ వెట్టు."

పీకిన చోట తంటెం విత్తనం చల్లమని వ్యవసాయ అధికారి చెప్పాడు. తగిరిస అంటారే, మన ఆ తంటెం మొక్కే, లేతాకు కూర వండుకుంటాం. చల్లాం. అది గుబురుగా లేచి వయ్యారిభామకు చోటివ్వలేదు.

ఈ ఏడు బీడులో వయ్యారిభామ అక్కడక్కడ రెండు మూడు మొక్కలు తప్ప లేదు. ఆయింట్‌మెంట్ ట్యూబు గూట్లో ఎండిపోయింది. పాలు తియ్యగా ఉన్నాయి. బతుకమ్మకు గునుగు నా కొట్టం వెనకే, ఉత్త చేతులతో కోశాను. మొన్న బేరగాడు మళ్లీ వస్తే, బర్రెలు అమ్మను గానీ చాయ్ తాగి పొమ్మన్నాను.

మీకూ ఊరు మారితే తగ్గి, ఇల్లు చేరితే తిరగబెట్టే దద్దుర్లుంటే, డాక్టరుకు మీ రోజంతా చెప్పండి. సాయంత్రం కొట్టంలో ఏం కాలుస్తారో కూడా చెప్పండి.