పదకొండు అక్షరాల పెంకు

మా చిన్నప్పుడు... డెట్రాయిట్ దగ్గర్లో, మా ఇంటి ముందు కాలిబాట మీద స్కిప్పింగ్ ఆడేటప్పుడు లెక్కపెట్టేది అంకెలు కాదు, నా పేరు! వి, ఐ, ఎస్, హెచ్, ఎ, ఎల్, ఎ, కె, ఎస్, హెచ్, ఐ... అక్షరానికో గెంతు. పదకొండూ తాడు తగలకుండా గెంతితే గెలిచినట్టు. ఆ ఆట కనిపెట్టింది పక్కింటి డెబీ, నా ప్రాణ స్నేహితురాలు.

నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు, విశాలాక్షి అని. అమెరికా బడిలో ఆ పేరు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. హాజరు పిలుస్తూ టీచర్ గుటక మింగిందంటే నేనే చెయ్యెత్తేసేదాన్ని. విష్ అనేవాళ్లు, విక్కీ అనేవాళ్లు, ఊరికే 'హేయ్' అనేవాళ్లు... మొత్తం బడిలో దాన్ని తప్పు లేకుండా రాయగలిగింది డెబీ ఒక్కతే, నేనే కూర్చోబెట్టి నేర్పాను.

ఎనభైల మొదట్లో, ఆరో తరగతిలో ఉండగా, మిసెస్ హార్పర్ అనే టీచర్ ప్రాచీన గ్రీకుల పాఠం మొదలుపెట్టింది. ఏథెన్స్, స్పార్టా, ఓడలు, యుద్ధాలు... నాకు పిచ్చి పట్టుకుంది. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ ఇంటికి మోసుకొచ్చాను. పాఠం అయిపోయే శుక్రవారం నాడు గ్రీకు విందు. అమ్మానాన్నలంతా వస్తారు. క్విజ్‌లో మొదట వచ్చిన ఆడపిల్లకి ఎథీనా దేవత వేషం.

మొదట వచ్చింది నేనే! రెండోది డెబీ.

వేషానికి పాత దుప్పటి తెచ్చుకోమన్నారు. అమ్మ ఒప్పుకుంటేనా?

"దేవత దుప్పటి కట్టుకుంటుందిటే? వాళ్లకి తెలీకపోతే మనకన్నా తెలియొద్దూ!"

సూట్‌కేసు అడుగునుంచి తెల్ల మంగళగిరి చీర తీసిచ్చింది. సన్నటి జరీ అంచు. ఇండియా నుంచి తెచ్చుకున్న నాలుగు మంచి చీరల్లో అదొకటి. రిహార్సల్స్ కోసం బళ్లోనే ఉంచాను.

బుధవారం నాడు టీచర్ మాకు ఓటు పెట్టింది. ఏథెన్స్‌లో ఎవరైనా మరీ పెద్దవాడైపోతున్నాడనిపిస్తే, జనం కుండ పెంకుల మీద అతని పేరు గీకి వేసేవారట. ఓట్లు ఎక్కువ పడినవాడు పదేళ్లు ఊరొదిలి పోవాలి. తప్పేమీ చేసి ఉండక్కర్లేదు... గొప్పవాడైతే చాలు.

టీచర్ పాత పూలకుండీలు పగలగొట్టి తలా ఒక పెంకు, ఒక మార్కర్ ఇచ్చింది. ఓట్లు ఎక్కువ పడినవాళ్లు శుక్రవారం విందు అయ్యేదాకా ఏథెన్స్ బయటే. వేషం ఉంటే అదీ పోతుంది, తర్వాతివాళ్లకి వెళుతుంది. నేను రోజూ నా జడ లాగే మైక్ పేరు రాశాను.

టీచర్ ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టింది. విష్... విక్కీ... ఉత్త 'వి'... ఒకరైతే 'ఇండియా పిల్ల' అని రాసి ఊరుకున్నారు. క్లాసంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను. వీళ్లు నావాళ్లు కారుగా, రాస్తే రాశారులే అనుకున్నాను. ఇరవై నాలుగు పెంకుల్లో పదమూడు నావే. గుర్తుగా ఉంచుకోమని వాటిని నా బల్ల మీద కుప్ప పోశారు.

అడుగున ఉన్న పెంకు తిప్పి చూశాను.

పదకొండు అక్షరాలు. కె తర్వాత ఎస్, ఎస్ తర్వాత హెచ్... ఒక్కటీ తప్పు పోలేదు.

తలెత్తి డెబీ వైపు చూశాను. వంగి బూటు లేసు కట్టుకుంటోంది. లేసు ఊడనే లేదు.

క్లాసు మొత్తం నన్ను పొమ్మన్నందుకు కాదు నాకు ఏడుపొచ్చింది. నేను నేర్పిన అక్షరాలతోనే పొమ్మన్నందుకు.

శుక్రవారం మా అమ్మ చీరలో డెబీ ఎథీనా అయింది. "చీర ఎలాగూ ఇక్కడే ఉంది కదా, ఫర్వాలేదా?" అని టీచర్ అడిగితే తలూపాను. అలా ఊపినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. విందుకి వచ్చిన అమ్మ, డెబీ కుచ్చిళ్లు జారిపోతున్నాయని గబగబా వెళ్లి, నేల మీద కూర్చుని సర్దింది.

"నువ్వు కట్టుకోలేదేమే?"

"డెబీ ముచ్చటపడిందమ్మా... ఇచ్చేశాను."

అమ్మ నా తల నిమిరింది. "మంచి పని చేశావు తల్లీ." డెబీకి తెలుగు రాదు. వచ్చినా విని ఉండేది కాదేమో, నా వైపు చూడనే లేదు.

ఇంటికొచ్చాక నా సంచిలో పెంకు అమ్మ కంట పడింది. మిగతావన్నీ బళ్లోనే పారేశాను. ఇదొక్కటి ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలీదు.

"ఇదేంటే, నీ పేరు! ప్రైజా?"

"ఊఁ..."

"ఎంత చక్కగా రాశారే! ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు!"

దాన్ని వంటింటి కిటికీలో పెట్టింది. ఇంటికొచ్చిన ఆంటీలందరికీ చూపించి మురిసిపోయేది. నేను మళ్లీ స్కిప్పింగ్ తాడు పట్టుకోలేదు. డెబీ సారీ చెప్పలేదు, నేను అడగలేదు. రెండేళ్లకి వాళ్లు ఇల్లు మారిపోయారు.

ఇప్పుడు నా పేరు ఎవరూ నేర్చుకోనక్కర్లేదు... రెండక్షరాలు కొడితే మిగతావి ఫోనే నింపేస్తుంది. వద్దనుకుంటే అన్‌ఫ్రెండ్ చేసేయొచ్చు, దానికి పేరు రాసే పని కూడా లేదు. ఎవరు చేశారో తెలిసేందుకు చేతిరాత ఉండదు. అమ్మ కిటికీలోని పెంకు ఇప్పుడు నా వంటింటి కిటికీలో ఉంది. ఆవిడకి నేను నిజం ఇప్పటికీ చెప్పలేదు.

మీ పేరు తప్పు లేకుండా రాయడం మొదట నేర్చుకున్న స్నేహితులెవరు? కింద రాయండి... మీ పెంకు మీద రాసింది కూడా వాళ్లేనా?