రెండుగా కోసిన రైలు పట్టా

మొన్న కడపలో మా అమ్మాయి ఇంట్లో మనవరాలి బొమ్మరైలు పట్టా ముక్క ఒకటి విరిగితే, మా అల్లుడు దాన్ని చెత్తబుట్టలో వేసి, సెల్లు తీసి రెండు నొక్కులు నొక్కి, రేపటికల్లా కొత్తది వస్తుంది మామా అన్నాడు. మీరూ నా ఈడు వాళ్ళే అయితే, విరిగిన వస్తువును చూడగానే చేతులు ఎందుకు ఊరుకోవో చెప్పనక్కరలేదు.

ఎనిమిదో తరగతిలో నేను బడిని, బడి నన్ను సంతోషంగా వదులుకున్నాం. ఎర్రగుంట్లలో మోటార్లకు తీగ చుట్టే షాపులో చేరాను. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న మా నాయన మాత్రం సంతోషించలేదు. రెండేళ్ళపాటు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున సైకిలు క్యారియరుకు ఒక అట్టపెట్టె కట్టుకుని వచ్చాడు. అందులో ఉన్నది ఫ్యాక్టరీ ఆఫీసరుగారి కొడుకు ఆడుకునే కరెంటు రైలట, విదేశం నుంచి తెప్పించిందట, పట్టాల మీద ఒకచోటికి రాగానే నిలిచిపోతుందట, సాయంత్రం ఆ పిల్లవాడి పుట్టినరోజట. గేటు దగ్గర పదిమందిలో "మావోడు చేస్తాడు సార్" అని నాయన మాట ఇచ్చేశాడట. నా గురించి ఆయన ఒకరి దగ్గర గొప్పగా చెప్పడం అదే మొదలు.

జబ్బు చిన్నదే, అతుకు వదులై కరెంటు అందడం లేదు. పట్టకారుతో నొక్కి, కిరసనాయిలు గుడ్డతో పట్టాలు తుడిస్తే, మా ఇంటి నాపరాళ్ళ మీద రైలు గిర్రున తిరిగింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను! గానుగెద్దులా తిరగడం కాదు, పోయిన దారినే తిరిగి వచ్చే రైలు చేసి ఆఫీసరు నోరు వెళ్ళబెట్టేలా చేయాలనుకున్నాను. పెట్టెలో దారి మార్చే ముక్క ఒకటి ఉంది. దానితో చివర ఒక చుట్టు తిప్పి, పట్టాను మళ్ళీ దాని మీదికే కలిపాను. పొడవు కుదరకపోతే ఒక ముక్కను రంపం బ్లేడుతో రెండుగా కోశాను. స్విచ్చి వేస్తే రైలు కదలలేదు, ట్రాన్స్‌ఫార్మర్ మూలిగి కాలిన వాసన కొట్టింది. రెండు పట్టాల్లో ఒకటి ప్లస్సు, ఒకటి మైనసు. చుట్టు తిరిగి వచ్చేసరికి ప్లస్సు పట్టా పోయి మైనసు పట్టాకే తగిలి షార్టయిపోతుందని, రోజంతా తీగల మధ్యే బతికే నాకు తట్టనే లేదు.

"ఏందిరా ఆ వాసన?" అని వంటింట్లోంచి అమ్మ.

"ఎర్రగుంట్ల జంక్షన్ కాలతాండాదిమ్మా," అంటూ ప్లగ్గు పీకేశాను.

నాయన వచ్చి కోసిన ముక్కలు చూశాడు. "బాగు చేయమంటే కోసినావా?" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది, మెల్లగా అడిగాడు. అలాంటి ముక్క మన జిల్లాలోనే దొరకదు. అది లేకపోతే పాత గుండ్రమూ కలవదు. టంకం పెట్టి అతకడం ఒక్కటే దారి అనుకుంటుండగా కోత వేళయి కరెంటు పోయింది.

పాత రాగి టంకం కడ్డీని స్టవ్వు మీద కాల్చాను. వెంట్రుకంత తేడా వచ్చినా రైలు పక్కకు పడుతుంది, ముక్కలను బిగించి పట్టే సాధనం ఇంట్లో లేదు. నాయన బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, రెండు కొసలనూ వేళ్ళతో నొక్కి పట్టాడు.

"శానా కాలుతాది, వదులు నాయనా."

"నా వేళ్ళ సంగతి నీకెందుకురా? నువ్వు కానీ."

టంకం నీరై, మెరిసి, గట్టిపడేదాకా ఆయన కదల్లేదు. రెండు పట్టాలు కాబట్టి రెండుసార్లు.

కరెంటు లేక పరీక్షించే వీలూ లేదు. ఫ్యాక్టరీ కరెంటు ఉండే ఆఫీసరు క్వార్టర్సులో పిల్లలందరి ముందే మొదటిసారి స్విచ్చి వేయాలి. నేను వేయబోతుంటే, నాయన చేతులు వెనక్కు పెట్టుకుని, "ఒక ముక్క మా చేతుల్లో తెగింది సార్, అతికినాం," అన్నాడు. ఆఫీసరు ముఖం ముడుచుకుంది. రైలు అతుకు దగ్గరికి వచ్చింది, టక్కుమంది, ఒక్కసారి ఊగి, దాటిపోయింది. పిల్లలు కేకలు వేశారు. రెండో చుట్టు కూడా దాటాకే నేను స్విచ్చి మీంచి చెయ్యి తీశాను.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు నన్నే తొక్కమన్నాడు. ఆయన వేళ్ళు హ్యాండిలు పట్టుకోలేకపోయాయి. వెనక క్యారియరు మీద కూర్చుని, "అయితే ఆ చుట్టు ఎందుకు పనిచేయలేదురా?" అని అడిగాడు. నా పని గురించి ఆయన అడిగిన మొదటి మాట అది. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు నా షాపులో బిగించి పట్టే క్లాంపులు నాలుగు రకాలున్నాయి, ఎంత వేడికైనా కదలవు, పనీ శుభ్రంగా ఉంటుంది. అయినా టంకం నీరయ్యే ఆ క్షణంలో తల ఎత్తి ఎదురుగా చూస్తాను, అక్కడ ఎవరూ ఉండరని తెలిసి కూడా.