అయిదు మాటల కార్డు

డిసెంబరు వచ్చిందంటే వేళ్ళ నిండా సిరా మరకలతో తిరిగే రోజులవి. క్రిస్మస్ కార్డులు కొని, ఒక్కొక్కరికీ పేరు పేరునా రాసి, పోస్టులో వేసి, తిరిగి వాళ్ళ దగ్గర్నుంచి వస్తాయా రావా అని ఎదురు చూసేవాళ్ళం. (ఆ ఎదురుచూపు కూడా పండగలో భాగమేనని ఇప్పుడు తెలుస్తోంది.) కవరు అంటించకుండా, లోపల శుభాకాంక్షలు అయిదు మాటలు మించకుండా రాస్తే తక్కువ స్టాంపుతో పోయేది. ఆ అయిదు మాటలతోనే నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను.

అప్పటికి మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర ఒక ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. అమ్మ లేని ఇంట్లో నన్ను పెంచింది అక్కే. ఆమెను కోడుమూరుకిచ్చి పెళ్ళి చేశాం. బావ మంచి మనిషి, కాకపోతే పాడతాడు. కొత్త అల్లుడని మా ఊరి చర్చిలో ఆయన చేత కీర్తన పాడించారు. చివరి బెంచీలో కూర్చున్న నేను స్నేహితులతో, "తప్పిపోయిన గొర్రె గూడా ఈ పాట వింటే తిరిగి రాదు రా" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ తల తిప్పితే, గుమ్మం దగ్గర అక్క. ఆమె ఏమీ అనలేదు. ఆ రోజు అనలేదు, ఆ తర్వాత ఏడాది దాకా అనలేదు. నా ఉత్తరాలకు జవాబు కూడా రాలేదు. (వాటిలో వానల సంగతి, మెస్సులో సాంబారు సంగతి రాశానే గానీ అసలు సంగతి రాయలేదు, అంత రోషం నాకు.) పండగ దగ్గర పడేసరికి ఇక ఉండబట్టలేదు. కార్డు కొని లోపల ఇలా రాశాను: "అక్కా, తప్పు నాదే. నాతో మాట్లాడు." పోస్టాఫీసులో ముసలి గుమాస్తా కార్డు తెరిచి, వేలు పెట్టి మాటలు లెక్కబెట్టి, "అయిదే ఉండాయి గానీ, ఇది శుభాకాంక్ష యాడయితాదప్పా?" అన్నాడు. నా మొహం చూసి ముద్ర కొట్టాడు.

మావాళ్ళ ఇళ్ళలో వచ్చిన కార్డులన్నీ దారానికి తగిలించి, బొమ్మ కనిపించేట్టు గదికి అడ్డంగా కడతారు. అక్క అత్తగారికి చదువు రాదు. ఆమె నా కార్డును తెరిచి, రాత బయటికి కనిపించేలా గుమ్మానికెదురుగా తగిలించిందట. "అచ్చు బొమ్మ ఏ అంగట్లోనైనా ఉంటాది, చేత్తో రాసింది యాడ దొరుకుతాది?" అని ఆమె వాదన. పండగనాడు చర్చిలో ఆరాధన అయ్యాక కర్జికాయలు తినడానికి వచ్చిన సంఘమంతా దాన్ని చదివింది. బావ కూడా చదివాడు.

వారం తిరక్కుండా బావ మూడు బస్సులు మారి, చేతిలో స్టీలు డబ్బాతో మా ఆఫీసుకొచ్చాడు. "ఏమప్పా, వచ్చినోళ్ళంతా నన్నే అడుగుతాండారు. మీ అక్క నోరు ఇప్పల్యా. ఏం తప్పు చేసినావు?" అన్నాడు. అబద్ధం ఏదీ తోచక ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన బల్ల మీది తెల్లటి దుమ్ములో వేలితో గీతలు గీశాడు.

"అంత అధ్వాన్నంగా పాడతానా?"

"పల్లవి శానా బాగుంటాది బావా."

బావ పగలబడి నవ్వాడు. "మీ అక్క గూడా ఇదే అంటాది. ఆమె అనొచ్చంట, ఇంకెవురూ అనగూడదంట" అని డబ్బా నా ముందుకు తోశాడు. "మాట్లాడను గానీ తినమని చెప్పు అనింది." కర్జికాయలు తింటూ, దుమ్ము పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. ఉగాదికి అక్క మాట్లాడింది. ఆ మరుసటి డిసెంబరు నుంచి, ఒక్క ఏడాది కూడా తప్పకుండా, బావ నాకు తన చేత్తో కార్డు రాస్తూ వచ్చాడు.

బావ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు పండగనాడు ఫోను నిండా కొవ్వొత్తులే. ఏది ఎవరు పంపారో పేరు చూస్తే తప్ప తెలియదు. నేనూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాను. బావ రాత లేని పండగ నాకు వెలితిగా ఉంది. ఈసారి పట్టుబట్టి కడపంతా తిరిగి ఒక కార్డు సంపాదించి, అక్కకు రాశాను. తీరా పండగలోపు అందుతుందో లేదోనని దాన్ని ఫోటో తీసి ఫోన్లో పంపాను (నా తెలివి ఈ వయసులోనూ అంతే).

అక్క వెంటనే ఫోన్ చేసింది. "ఫోటో ఏం జేసుకోను రా? కార్డే పంపు" అని, మళ్ళీ తనే, "మీ బావ రాసినవన్నీ నీ కాడ్నే ఉండాయి గదా. నా కాడ ఆయన చేతిరాత ఒక్కటీ లేదు. ఒకే ఇంట్లో ఉండేటోళ్ళం, ఆయన నాకెందుకు రాస్తాడు?" అంది.

ఫోను పెట్టేసి, బీరువాలోంచి బావ కార్డుల కట్ట తీసి, ఒక్కొక్కటీ చదివి, మళ్ళీ దారం కట్టి సంచిలో పెట్టుకున్నాను. పోస్టును నమ్మబుద్ధి కాలేదు, రేపు నేనే కోడుమూరు బస్సెక్కుతాను. ఒక్క కార్డు మాత్రం తీసి బీరువాలో నా బట్టల అడుగున దాచుకున్నాను. మొత్తం ఎన్ని ఉన్నాయో అక్కకు తెలియదు.